బీజెడ్‌సీ చదివినవారికి ‘మెగా’ ఎంతవరకు పనికొస్తుంది?

డిగ్రీలో బీజెడ్‌సీ, తరువాత జువాలజీ ఎమ్మెస్సీ, ఇప్పుడు పరిణామ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ. ఇంటర్‌లో బైపీసీ తీసుకోవడంతోనే నాకు లెక్కలు దూరమయ్యాయి. లామార్క్, డార్విన్, హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం అన్నీ పరీక్షలకు చదివాను. కానీ నాలుగు చేపల డీఎన్ఏ వరుసలు ఇచ్చి వాటి చుట్టరికం తేల్చమంటే ఏం చేయాలో ఆ చదువులో ఎక్కడా లేదు. ఇదే దారిలో వస్తున్నవారు ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలని అడిగితే నేను తడుముకోకుండా చెప్పే పేరు మెగా. డీఎన్ఏ వరుసలను పోల్చి జాతుల చుట్టరికాన్ని కొమ్మల వృక్షంగా గీసిచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. పైసా ఖర్చు లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు.

1993లో దీని మొదటి వెర్షన్ వచ్చేనాటికి సుధీర్ కుమార్ అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో పరిణామ జన్యుశాస్త్రవేత్త మసతోషి నెయ్ దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి. పిలానీ బిట్స్‌లో ఇంజనీరింగ్, జీవశాస్త్రం రెండూ చదివి అక్కడికి వెళ్లారు. కొయిచిరో తమురాతో కలిసి ముగ్గురూ దీన్ని తెచ్చారు. పరిశోధనలో తొలి అడుగులు వేస్తున్న ఒక విద్యార్థి చేయి ఇందులో ఉందన్న సంగతి నాకు చాలా ధైర్యమిచ్చింది.

జూనియర్లకు నేర్పేటప్పుడు కొర్రమీను, మట్టగిడసలతో మొదలుపెడతాను. డీఎన్ఏ వరుసలు అందరికీ దొరికే జెన్‌బ్యాంక్ నుంచి వాటి సీఓఐ అనే జన్యువు వరుసలు తెచ్చుకుని, పోల్చి చూడటానికి బయటి జాతిగా అనబాస్ అనే చేపను చేరుస్తాం. ఈ జన్యువు మైటోకాండ్రియాది. కాబట్టి కోడాన్ల (మూడేసి అక్షరాల సంకేతాల) ప్రకారం అమర్చే ముందు జన్యుసంకేత పట్టికను ‘సకశేరుక మైటోకాండ్రియా’కు మార్చాలి. మార్చకపోతే మధ్యమధ్య ఆపు కోడాన్లు ఉన్నాయని మెగా హెచ్చరిస్తుంది. కేంద్రకంలో ‘ఆపు’ అని చెప్పే యూజీఏ, సకశేరుకాల మైటోకాండ్రియాలో ట్రిప్టోఫాన్‌ను సూచిస్తుంది. డిగ్రీలో ఒక వాక్యంగా బట్టీపట్టిన ఈ సంగతి ఇక్కడ కళ్లెదుట కనిపిస్తుంది. ఒక్క ఈ అనుభవం కోసమైనా దీన్ని ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో పెట్టాలి.

నాకు ఇంకా నచ్చింది క్యాప్షన్ సదుపాయం. వృక్షం గీశాక ఏ పద్ధతి, డీఎన్ఏ మార్పులకు ఏ గణిత నమూనా (మోడల్) వాడారో, ఖాళీలున్న స్థానాలను ఏం చేశారో వాక్యాలుగా రాసి చూపిస్తుంది. వాటిని యథాతథంగా థీసిస్‌లోకి ఎక్కించడం తప్పు. ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటే మాత్రం అదే మంచి పాఠం. కొమ్మ మీద 95 అని ఉంటే ఆ కొమ్మలోని జాతుల జట్టు నిజమయ్యే అవకాశం 95 శాతమని చాలామంది అనుకుంటారు. అది బూట్‌స్ట్రాప్ అంకె. వరుసల్లోని నిలువు గడులను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఏరి వృక్షాలు గీస్తే నూటికి 95 సార్లు ఆ జట్టు వచ్చిందని మాత్రమే దాని అర్థం.

లోపాలూ ఉన్నాయి. బేయీసియన్ అనే సంభావ్యతా పద్ధతిలో వృక్షాలు కట్టడం ఇందులో కుదరదు. వందల జన్యువుల సమాచారమైతే ఐక్యూ-ట్రీ వంటి వేరే సాఫ్ట్‌వేర్‌లకు వెళ్లడమే మేలు. 2024లో వచ్చిన 12వ వెర్షన్ లెక్కల సమయాన్ని బాగా తగ్గించిందన్నది నిజమే, అయినా జీనోముల స్థాయి పనికి నేను దీన్ని వాడను. అసలు ఇబ్బంది మరొకటి. మౌస్ నొక్కుతూ పోతే ఏదో ఒక వృక్షం వచ్చేస్తుంది, అది ఎందుకు వచ్చిందో తెలియకపోయినా. సహాయ పుటలు ఇంగ్లీషులోనే ఉండటంతో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు వాటిని తెరవడానికే జంకుతారు. పక్కన ఒక సీనియర్ కూర్చుని మొదటి వృక్షం గీయించాలి.

కొన్ని పదుల వరుసలతో చేసే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మెగా ధారాళంగా సరిపోతుంది. పీహెచ్‌డీలో చేరినవారు దీని కమాండ్ లైన్ రూపమైన (మౌస్‌తో కాక ఆదేశాలు టైప్ చేసి నడిపే) మెగా-సీసీని కూడా నేర్చుకోండి. విశ్లేషణ సెట్టింగులు అందులో ఒక ఫైలుగా మిగులుతాయి. దాన్ని వరుసల ఫైలుతో పాటే భద్రపరిస్తే, మీ గైడ్ అడిగినప్పుడు అదే వృక్షాన్ని మళ్లీ గీసి చూపించగలరు.