మాంటిచెల్లోకు వెళ్తే ఇల్లు తర్వాత, మల్బరీ రో ముందు

వర్జీనియాలో పదిహేనేళ్లుగా కళాశాల విద్యార్థులకు అమెరికా చరిత్ర బోధిస్తున్నాను. షార్లట్స్‌విల్ దగ్గర కొండ మీదున్న మాంటిచెల్లోకు, అంటే అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇంటికి చాలాసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా గోపురం, పుస్తకాలు చూసి వచ్చేసేవాణ్ని. ఈసారి అక్కడి బానిసత్వం గురించి చెప్పే నడక పర్యటనలో చేరాను. అంతా ఆరుబయటే, కాబట్టి నీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి. ఐదుకు ఐదు మార్కులు ఇస్తున్నాను.

ఇంటి పక్కన, బానిసలు పనిచేసిన మల్బరీ రో అనే బాట మీద గైడు మమ్మల్ని ఆపారు. అక్కడి మేకుల కొలిమి 1794లో మొదలైంది. పనిచేసింది పది నుంచి పదహారేళ్ల మగపిల్లలు. ఎవరికి ఎంత ఇనుము ఇచ్చారు, ఎన్ని మేకులు వచ్చాయి, ఎంత ఇనుము వృథా అయింది, ఇవన్నీ జెఫర్సన్ తానే లెక్క రాసుకున్నాడు. ఆవిడ ఆ సంగతి చెప్పి ఊరుకున్నారు. కాసేపటికి మాలో ఒక కుర్రవాడు, ‘స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానులని రాసింది కూడా ఈయనే కదా’ అన్నాడు. ఆవిడ తల ఊపి, ‘ఆ రెండూ ఒకే మనిషి రాతలు. మీరేమంటారు?’ అని అడిగారు. అలా ఊరుకోవడం పాఠం చెప్పేవాళ్లకు చాలా కష్టం. నేను తీర్పు కూడా నేనే చెప్పేస్తుంటాను, విద్యార్థులు దాన్నే పరీక్షలో రాసేస్తుంటారు.

జెఫర్సన్ 1826 జులై 4న పెద్ద అప్పు మిగిల్చి చనిపోయాడు. వీలునామాలో విడుదల దక్కింది ఐదుగురికే. వారిలో ఒకడు కమ్మరి జోసెఫ్ ఫాసెట్. 1827 జనవరి వేలంలో అతని భార్య ఈడిత్‌నూ పిల్లలనూ అమ్మేశారు. అధ్యక్ష భవనంలో వంట నేర్చిన మనిషి ఆమె. కొడుకు పీటర్‌కు అప్పటికి పదకొండేళ్లు. అదే పీటర్ పెద్దయ్యాక సిన్సినాటిలో మతబోధకుడై, 1900లో ఈ కొండ మీదికి తిరిగి వచ్చాడు. ఇది విన్నాక గోపురం వైపు చూడబుద్ధి కాలేదు.

ఇంకోచోట ఒక పాత భవంతిలో గైడు అక్కడి బానిసలను ‘సేవకులు’ అనడం విని బాధపడ్డాను. జీతం తీసుకుని, నచ్చకపోతే మానేసి వెళ్లగలిగేవాణ్ని కదా సేవకుడు అంటాం! ఇక్కడ మాత్రం పేరు పెట్టి, పని చెప్పి, అమ్మానాన్నలెవరో చెప్పి మాట్లాడతారు. తెలుగులో నేను కూడా ‘బానిసలు’ అని చప్పున రాసేస్తాను, పైన రాసింది అదే. ‘బానిసలుగా ఉంచిన మనుషులు’ అంటే మాట పొడుగవుతుంది, నిజమే. కానీ ‘ఉంచిన’ అనగానే ఉంచినవాడెవడన్న ప్రశ్న పుడుతుంది.

దిగి వస్తూ జెఫర్సన్ కింద అలా బతికిన 607 మంది జ్ఞాపకార్థం కట్టిన స్థలం దగ్గర ఆగండి. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

వచ్చే సెమిస్టరులో జెఫర్సన్ పాఠాన్ని మేకుల లెక్కతో మొదలుపెడతాను. కాగితాలు పంచి, కుర్చీలో కూర్చుని, ఎవరో ఒకరు నోరు విప్పేదాకా ఆగుతాను.