సింగపూర్ నియోజకవర్గాల సరిహద్దుల నివేదిక, 2025: ఐదుకు మూడు స్టార్లు

ఫ్రీగా దొరికే నివేదిక, కాబట్టి డబ్బు దండగ అనడానికి లేదు. 2025 మార్చి 11న వచ్చింది. ఆన్‌లైన్‌లో తెరిచి నేరుగా మ్యాపులకు వెళ్లండి, అసలు సరుకు అక్కడే ఉంది.

పార్లమెంటుకు ఎన్నికయ్యే సీట్లు 93 నుంచి 97 అయ్యాయి. 18 గ్రూప్ నియోజకవర్గాలు (ఒక్కో చోట పలువురు ఎంపీలను జట్టుగా ఎన్నుకునేవి), 15 సింగిల్ సీట్లు (ఒక్కో ఎంపీవి). పుంగోల్ పేటలో అన్ని కొత్త ఫ్లాట్లు లేచాక దానికి విడిగా ఒక గ్రూప్ రావడం సబబే.

నాకు మింగుడుపడనిది మా మెక్‌ఫర్సన్ సంగతి. 2015 నుంచి సొంతంగా ఒక ఎంపీని ఎన్నుకుంటున్న పేటను మెరైన్ పరేడ్-బ్రాడెల్ హైట్స్ గ్రూప్‌లో కలిపేశారు. జనాభా పెరిగింది, కొత్త ఇళ్లు వచ్చాయి అంటే సరే. మరి మా పేటే ఎందుకు? వివరం కావాల్సిన చోటే కలం ఆగిపోతుంది. నివేదిక రాసిన కమిటీకి అధ్యక్షుడు ప్రధానమంత్రి కార్యదర్శి, సభ్యులూ సర్కారు అధికారులే. లెక్కలు వాళ్లకు తెలుసు, కాదనను. కానీ ఆ లెక్క మనకూ చూపిస్తే ఈ గొణుగుడు ఉండదు కదా!

ఏప్రిల్ 23న మా గ్రూప్‌లో ప్రతిపక్షం నామినేషన్ వేయలేదు, కాబట్టి పోలింగే లేకపోయింది (ఆ తప్పు నివేదికది కాదు). మే 3న దేశమంతా ఓటేస్తే మాకు సెలవు మాత్రం మిగిలింది.

కొత్తగా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఎన్నికలప్పుడు పాత మ్యాపును నమ్ముకోకండి. సింగ్‌పాస్‌తో (సర్కారు ఆన్‌లైన్ గుర్తింపు) ఎన్నికల శాఖ సైట్‌లో లాగిన్ అయి మీ నియోజకవర్గం ఏదో చూసుకోండి.