యుద్ధం ఆపడానికి ఏది మేలు: 60 రోజుల గడువా, ముందస్తు అనుమతా, డబ్బు ఆపడమా?

చట్టసభ అనుమతి లేకుండా దేశాధినేత సైన్యాన్ని దింపేస్తే వెనక్కి రప్పించడం ఎలా? ఏ పద్ధతినైనా నేను చూసేది ఒక్కటే: సభ నోరు మెదపకపోతే ఏమవుతుంది?

అమెరికాది 1973 నాటి వార్ పవర్స్ రిజల్యూషన్. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేసినా కాదని పాస్ చేశారు. సైన్యాన్ని దింపిన 48 గంటల్లో కాంగ్రెస్‌కు రిపోర్ట్ ఇవ్వాలి, 60 రోజుల్లో అనుమతి రాకపోతే ఆపెయ్యాలి, బలగాలు క్షేమంగా బయటపడటానికి అవసరమైతే ఇంకో 30 రోజులు. కాగితం మీద గట్టిదే. 2011లో లిబియా విషయంలో మే 20కి 60 రోజులూ అయిపోయాయి, బాంబులు మాత్రం ఆగలేదు. తమ సైనికులు నేల మీద లేరు, వాళ్లకు ప్రాణహాని కూడా పెద్దగా లేదు కాబట్టి ఇది చట్టం చెప్పే 'హాస్టిలిటీస్' (పోరు) కిందకు రాదని ఒబామా ప్రభుత్వం వాదించింది (బాంబు కింద ఉన్నవాడికి ఈ తేడా ఎవరు చెప్పాలో!). జూన్ 24న ప్రతినిధుల సభ ఏం చేసిందో చూడండి. అనుమతి ఇద్దామా అంటే 295-123తో వద్దంది, పోనీ డబ్బుకు కోత పెడదామా అంటే 238-180తో అదీ వద్దంది. పాము చావలేదు, కర్ర విరగలేదు, యుద్ధం అక్టోబర్ దాకా సాగింది.

సభ ధైర్యం చేసినా ఇంకో చిక్కుంది. 1983లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల (యుద్ధం కేసు కాదు, స్టూడెంట్ వీసా గడువు దాటిన ఒకాయన డిపోర్టేషన్ గొడవ) ఆపమనే తీర్మానం కూడా సంతకానికి అధ్యక్షుడి దగ్గరికే వెళ్లాలి. 2019లో యెమెన్ యుద్ధంలో అమెరికా సాయం ఆపమని రెండు సభలూ అన్నాయి, ట్రంప్ వీటో చేశాడు, ఆ వీటోను కాదనడానికి సెనేట్‌లో 53-45 సరిపోలేదు. మొదలుపెట్టడానికి ఒక్కడు చాలు, ఆపడానికి మూడింట రెండొంతుల మంది కావాలి.

జర్మనీలో లెక్క తిరగబడుతుంది. సైన్యం బయటి దేశంలో పోరుకు వెళ్లాలంటే పార్లమెంటు ముందే ఒప్పుకోవాలని 1994లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఎక్కడికి, ఎంతమంది, ఎన్నాళ్లు, ఖర్చెంత అన్నీ ప్రతిపాదనలోనే ఉండాలి, మధ్యలో అనుమతి వెనక్కి తీసుకోవచ్చు కూడా. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, ఇక్కడ మౌనంగా ఉంటే సైనికుడు గడప దాటడు. మరి అర్జెంటైతే? 2021 ఆగస్టులో జనాన్ని బయటికి తేవడానికి కాబూల్‌కు విమానాలు ముందు వెళ్లాయి, ఓటు తర్వాత పడింది. లోపం లేదని కాదు. సభ ఆ ప్రతిపాదనలో మార్పులు చేయలేదు, అవునో కాదో చెప్పాలంతే. పైగా 2001లో ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) ష్రోడర్ అఫ్గానిస్థాన్ ఓటుకు తన పదవినే ముడిపెట్టి, 334 కావాల్సిన చోట 336తో గట్టెక్కాడు. ఈ విద్య మన నాయకులకూ తెలిసిందే.

డబ్బు కట్టడి అమెరికాలోనే ఉంది, నిజంగా పనిచేసిందీ అదే. కంబోడియాపై బాంబులు 1973 ఆగస్టు 15తో ఆగాయంటే నిధులు ఆపినందుకే. నిక్సన్ మొదటిసారి వీటో చేశాడు, కానీ నిధుల బిల్లు లేకపోతే ప్రభుత్వమే నడవదు, దిగిరాక తప్పలేదు. సోమాలియాకూ 1994 మార్చి 31 అని తేదీ పెట్టారు. కాకపోతే సైనికులు అక్కడ ఉండగా డబ్బు ఆపామని నియోజకవర్గంలో చెప్పుకోవడం కష్టం.

నా ఓటు జర్మనీ పద్ధతికే. వీటో ఉన్న దేశంలో అది కుదరదంటే, తేదీ రాసిన నిధుల బిల్లు. మన రాజ్యాంగం అయితే ఈ ఓటే అడగదు. 1987 జూలై 29న ఒప్పందం, ఆ వెంటనే శాంతి సేన శ్రీలంకలో దిగింది, 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది లేరు.