మనాలి–లేహ్ ఒంటరిగా బైక్ మీద: రాత్రి ఎక్కడ పడుకోవాలి, బండి ఆగితే ఎవరిని అడగాలి

మనాలి నుంచి లేహ్‌కి ఇప్పుడు సుమారు 430 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, దానికి తీసుకోవాల్సిన పర్మిట్ గొడవా తప్పింది. దూరం చూస్తే రెండు రోజుల పనే. కానీ జిస్పా, దార్చా దాటితే తంగ్‌లాంగ్ లా (‘లా’ అంటే కనుమ) దిగేదాకా చెప్పుకోదగ్గ ఊరు లేదు. డేరా హోటళ్లు, సైనిక శిబిరాలు, రోడ్డు పనివాళ్ల గుడారాలు, లారీలు, అంతే. ఈ రోడ్డు మీద ఆగిపోయిన బండిని చూసి ఎవరో ఒకరు తప్పకుండా ఆగుతారు. ఆ సాయం మాత్రం అన్ని చోట్లా, అన్ని వేళల్లో ఒకేలా ఉండదు. ఎవరు ఎక్కడ ఉంటారో తెలుసుకుని బయల్దేరడమే సగం జాగ్రత్త.

మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లు శ్రీనగర్ వైపు నుంచి ఎక్కి, మనాలి వైపు దిగడం మంచిది. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే. జోజి లా దాటి కార్గిల్‌లో పడుకుంటే 2,700, మర్నాడు లామయూరు గానీ లేహ్ గానీ 3,500. ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. బంకులు, ఊళ్లు కూడా ఆ దారిలోనే ఎక్కువ. లేహ్ దగ్గర పడుతుండగా పత్థర్ సాహిబ్ గురుద్వారా వస్తుంది. అక్కడ సైనికులే సేవ చేస్తారు, లంగర్‌లో, అంటే ఉచిత భోజనశాలలో, ఎవరైనా కూర్చుని తినొచ్చు. తల కప్పుకోవాలి, చెప్పులు బయట విడవాలి, తిన్న పళ్లెం తీసుకెళ్లి ఇవ్వాలి.

మనాలి నుంచే ఎక్కాలనుకుంటే అసలు ప్రశ్న రాత్రి మకాం. సర్చూ సుమారు 4,300 మీటర్లు, పాంగ్ 4,600. మనాలి 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. పొద్దున అక్కడ లేచి రాత్రికి సర్చూలో పడుకుంటే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం చాలామందికి తప్పవు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. ఇక్కడ ఇంకో చిక్కుంది. పాంగ్‌లో ఒళ్లు బాగా చెడితే కిందికి దిగాలి, కానీ దిగే దారే లేదు. లేహ్ వైపు 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా, మనాలి వైపు 5,000 దాటిన లాచుంగ్ లా. ఎటు వెళ్లినా ముందు ఎక్కాలి. అందుకే ఫొటోల్లో ఎంత బాగున్నా, పాంగ్‌ని టీ తాగి కదలాల్సిన చోటుగానే చూడాలి.

జిస్పాలో రెండు రాత్రులు ఉండటం ఈ దారిలో దొరికే మంచి బేరం. 3,200 మీటర్ల ఎత్తు, భాగా నది ఒడ్డు, గెస్ట్‌హౌస్‌లు, హోమ్‌స్టేలు. మధ్య రోజున బారాలాచా లా దిశగా దీపక్ తాల్ దాకా వెళ్లి వెనక్కి వస్తే ఒంటికి సాధన అవుతుంది. మూడో రోజు తెల్లవారగానే బయల్దేరి సర్చూ, పాంగ్ రెండూ దాటి, తంగ్‌లాంగ్ లా దిగిన తర్వాత వచ్చే రుమ్‌సేలోనో, ఇంకాస్త కింద ఉప్శీలోనో పడుకోవాలి. రుమ్‌సే హోమ్‌స్టేలో కట్టెల పొయ్యి చుట్టూ ఇంటివాళ్లతో కూర్చుని తినే అన్నం, పప్పు ముందు సర్చూ డేరాల బఫే ఆనదు. పొద్దు వాలేలోపు అంత దూరం రాదనిపిస్తే సర్చూలోనే ఆగిపోండి, చీకట్లో ఘాట్ దిగొద్దు. ఎత్తు పడని ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్రలు వేసుకోవాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడవని తెలిస్తే తప్పకుండా చెప్పండి. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా బండి వదిలేసి సాయం అడగాలి. పాంగ్ సైనిక శిబిరంలో ఆక్సిజన్ పెట్టి చూస్తారు, సంకోచించొద్దు.

డేరా హోటళ్లు జూన్‌లో వెలుస్తాయి, అక్టోబరులో ఎత్తేస్తారు. లాహౌల్, లడాఖ్ ఆడవాళ్లే నడిపేవి చాలా. లోపల వరసగా పరుపులు, బరువైన రజాయిలు, మ్యాగీ, ఆమ్లెట్, పప్పన్నం. "దీదీ" అని పిలిస్తే చాలు, లడాఖ్ వైపు "జూలే" (అక్కడి నమస్కారం) అంటే ముఖం విచ్చుకుంటుంది. తడిసి వణుకుతూ వచ్చినవాళ్లని పొయ్యి పక్కన కూర్చోబెట్టాకే డబ్బుల మాట ఎత్తుతారు. ఆ మంచితనాన్ని బేరాలతో నలపకండి. అక్కడి గ్యాస్, బియ్యం, గుడ్లు అన్నీ లారీ మీద వచ్చినవే. నెట్‌వర్క్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఫోన్‌తో చెల్లింపులను నమ్ముకోవద్దు. జిస్పా ముందు వచ్చే కేలాంగ్‌లోనే నగదు తీసుకుని, చిల్లర నోట్లు పెట్టుకోండి. లడాఖ్‌లో బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఒక్క జాగ్రత్త: మూసిన డేరాలో బొగ్గుల కుంపటి వెలుగుతుండగా నిద్రపోవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

పెట్రోలు విషయం కేలాంగ్ ముందు వచ్చే టాండీలో తేల్చుకోవాలి. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని అక్కడి బోర్డు ఏళ్ల తరబడి చెబుతోంది. లేహ్ ముందు కారూలో బంకుంది, అయినా లెక్క 365కే వేసుకోండి. ఎత్తులో ఎక్కువగా మొదటి, రెండో గేర్లలో లాగాల్సి వస్తుంది కాబట్టి లీటరుకు 25 చొప్పున చూస్తే 15 లీటర్లు కావాలి. 13 లీటర్ల ట్యాంకు బండికి 5 లీటర్ల డబ్బా తప్పనిసరి. ఇనుప డబ్బా అయి ఉండాలి, అంచుదాకా నింపకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, లోపలి ఆవిరి మూతని తోస్తుంది. నీళ్ల సీసాల్లో పోసిన పెట్రోలు దారిలోనే కారిపోతుంది.

ట్యూబ్ టైర్లయితే రెండు టైర్ లివర్లు, ముందు చక్రం కొలత ట్యూబ్ ఒకటి (అవసరానికి వెనక చక్రంలోనూ సర్దొచ్చు), బ్యాటరీతో నడిచే గాలి పంపు. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్. ఇవిగాక క్లచ్ కేబుల్, లివర్లు, చైన్ లింక్, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్ మీ బండికి సరిపోయేవి పెట్టుకోవాలి. సాయానికి ఆగినవాళ్ల దగ్గర స్పానర్లుంటాయి, ఓపికుంటుంది, మీ బండి క్లచ్ కేబుల్ మాత్రం ఉండదు.

నాలాల (రోడ్డుకి అడ్డంగా పారే మంచునీటి వాగులు) దగ్గర జరిగే పొరపాటు ఒకటే: వాటిని మధ్యాహ్నం పూట దాటడం. ఎండకి మంచు కరిగి, పొద్దున మడమలోతు ఉన్న నీళ్లు సాయంత్రానికి మోకాలు దాటుతాయి. మొదటి గేర్‌లో, సమంగా, ఆగకుండా వెళ్లాలి. భయపడి క్లచ్ సగం నొక్కి పట్టుకుంటే ప్లేట్లు కాలిపోతాయి. బండి నీళ్లలో పడి ఇంజన్ ఆగితే సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బయటికి లాగి, ప్లగ్ విప్పి, నీళ్లు పోయాయో లేదో చూడాలి. లాగడానికి మొదట వచ్చేది సరిహద్దు రోడ్ల సంస్థ కూలీలు. జార్ఖండ్ దుమ్కా వైపు నుంచి ఎందరో ఇక్కడికి వస్తారు. వాళ్ల పక్క నుంచి పోయేటప్పుడు దుమ్ము, బురద ఎగరకుండా వేగం తగ్గించండి. వాళ్లకు మనం చేయగలిగిన మొదటి మర్యాద అది.

బండి ఇక కదలదని తేలితే లారీ డ్రైవర్లే దిక్కు. సరుకుతో లేహ్ వెళ్లిన లారీలు తిరుగుదారిలో చాలావరకు ఖాళీగా వస్తాయి కాబట్టి మనాలి వైపు ఎక్కించడం తేలిక. వంపు దగ్గర కాకుండా దూరం నుంచి కనబడే చోట నిలబడి చెయ్యెత్తండి. డబ్బు ముందే మాట్లాడుకోండి, వద్దంటే దారిలో భోజనం మీరు పెట్టండి. లారీ అడుగు ఎత్తుకి సమంగా ఉన్న గట్టు చూసి, వెనక్కి ఆనించి, నలుగురు కలిసి తోస్తే బండి ఎక్కేస్తుంది. స్టాండ్ మడిచి, గేర్‌లో పెట్టి, ముందు ఫోర్క్ సగం అణిగేలా రెండు పక్కలా తాళ్లు బిగించాలి. స్టాండ్ మీద నిలబెట్టి కడితే మొదటి గుంటకే అది వంగుతుంది.

దార్చా చెక్‌పోస్టులో పేరు, బండి నంబరు రాసుకుంటారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి అది పెద్ద అండ. రాత్రి చేరాల్సిన చోటు, టైము బయల్దేరిన హోటల్‌లో కూడా చెప్పండి. ఎదురొచ్చే బైకర్లు బొటనవేలు చూపిస్తే బాగున్నారా అని అడుగుతున్నట్టు. బాగుంటే తిరిగి చూపించండి, లేకపోతే చెయ్యి ఊపి ఆపండి. మనాలిలో అద్దెకు తీసుకున్న బండి లేహ్ దాకానే, పాంగోంగ్, నుబ్రా వైపు స్థానిక బైక్ సంఘాలు వెళ్లనివ్వవు. సొంత బండికి కూడా ఆర్సీ మీ పేరు మీద ఉంటేనే వాదన ఉండదు. డబ్బాలో పెట్రోలు పాంగ్ తర్వాత వచ్చే మోరే మైదానాల్లో వాడకండి, తంగ్‌లాంగ్ లా ముందున్న దెబ్రింగ్ దాకా ఉంచండి. అక్కడ మీ ట్యాంకులో కారూ చేరేంత ఉంటే, డబ్బాలోది ఎదురొచ్చే బండికి కావాలేమో అడిగి చూడండి.