నాపానా, సొనోమానా? రెండు రాత్రుల విశ్రాంతికి ఏది మేలు

ఇంటికి చుట్టాలు వస్తే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్లం చూపించే వరుస ఒకటి ఉంటుంది. గోల్డెన్ గేట్ వంతెన, యోసెమిటీ, లివర్‌మోర్ గుడి. అన్నీ అయ్యాక ఎవరో ఒకరు అంటారు: "ఆ ద్రాక్షతోటల వైపు వెళ్లి రెండు రోజులు ఊరికే ఉండి వద్దాం." అక్కడ మొదలవుతుంది చర్చ. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన పక్కపక్కనే ఉన్న రెండు వైన్ ప్రాంతాల్లో నాపాకు వెళ్లాలా, సొనోమాకు వెళ్లాలా? నేను రెండు వైపులా ఉండి చూశాను. ఒకసారి మేమిద్దరమే వెళ్లాం, మరోసారి అమ్మానాన్నలను తీసుకుని వెళ్లాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీకు కావలసింది నిజంగా విశ్రాంతే అయితే సొనోమా, అందులోనూ హీల్డ్స్‌బర్గ్ ఊరు. నాపాను ఎంచుకోవడానికి నాకు తోచే గట్టి కారణం ఒక్కటే, అది కాలిస్టోగా అనే ఊరు.

నాపా లోయ పొడవు సుమారు 30 మైళ్లు, ఎక్కువ వెడల్పున్న చోట కూడా 5 మైళ్లే. 29వ నంబరు రహదారి, సిల్వరాడో ట్రైల్ అనే రోడ్డు ఆ లోయకు అటూ ఇటూ నిచ్చెన బాదుల్లా సాగుతాయి, మధ్య మధ్య మెట్లలా చిన్న అడ్డరోడ్లు. 1968లోనే ఈ లోయను వ్యవసాయానికి ప్రత్యేకించి చట్టం చేయబట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు 50 మైళ్ల దూరంలో ఇన్ని తోటలు మిగిలాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఉద్యోగం చేసే రోజుల్లో హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు ఎకరాలకు ఎకరాలు ఉండేవి. వాటిలో చాలా వరకు ఇప్పుడు ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు అయ్యాయి. "మనకూ అలాంటి చట్టం ఒకటి ఉండవలసింది" అన్నారు చివరికి.

కానీ నాపాకు పేరు పెరిగిన కొద్దీ తీరిక తగ్గింది. 1976లో పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు సీసా మీద పేరు చూడకుండా రుచి చూసి, ఎర్ర వైన్‌లో స్టాగ్స్ లీప్‌కు, తెల్ల వైన్‌లో షాటో మోంటెలీనాకు మొదటి స్థానం ఇచ్చారు. రెండూ నాపాలో వైన్ తయారుచేసే వైనరీలే. ప్రపంచం దృష్టి ఇటు తిరగడానికి ఆ పోటీయే పెద్ద కారణం. ఇప్పుడు చాలా వైనరీలకు ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. పేరున్న చోట రుచి చూడటానికే మనిషికి 50 డాలర్లు దాటడం మామూలు. పదకొండింటికి ఒకచోట, ఒంటిగంటకు మరోచోట, మూడింటికి ఇంకోచోట అని వేళలు పెట్టుకుంటే, శనివారం 29వ రహదారి మీద కార్ల బారులో కూర్చుని గడియారం చూసుకోవడమే మిగులుతుంది. మేమిద్దరం మొదటిసారి చేసిన పొరపాటు అదే. మేము దిగిన గెస్ట్ హౌస్ కూడా ఆ రహదారిని ఆనుకునే ఉంది. ఫోటోలో కిటికీ బయట తోట మాత్రమే కనిపించింది, రోడ్డు కనిపించలేదు. తెల్లవారుజామున లారీల మోతకు మెలకువ వచ్చేది. నాపాలో గది తీసుకుంటే సిల్వరాడో ట్రైల్ వైపు చూడండి. అటు రద్దీ తక్కువ, తోటల అందం మాత్రం ఏమీ తగ్గదు.

కాలిస్టోగా సంగతి వేరు. అది లోయకు ఉత్తరపు కొస. ఆ ఊరి కింద నేలలోనే వేడినీళ్లు ఉన్నాయి. 19వ శతాబ్దం నుంచీ జనం ఆ నీళ్ల కోసం వస్తున్నారు. అగ్నిపర్వతపు బూడిద కలిపిన బురద స్నానాలకు ఆ ఊరు ప్రసిద్ధి. పెద్దవాళ్లకు, ముఖ్యంగా రక్తపోటు, గుండె జబ్బులు ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఆ బురద స్నానం వద్దు. గోరువెచ్చని ఖనిజ జలాల కొలను చాలు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకూ ఆగే మా నాన్న సాయంత్రం గంటసేపు ఆ నీళ్లలో కూర్చుని, ఆ రాత్రి ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయారు. ఆ ఒక్క కారణం చాలు ఒక రాత్రి అక్కడ గడపడానికి. అయితే జూలై, ఆగస్టుల్లో జాగ్రత్త. ఉత్తరానికి పోయే కొద్దీ చల్లబడుతుందని అనుకుంటాం కదా, ఈ లోయలో అది తలకిందులు. సముద్రపు చల్లగాలి, పొగమంచు దక్షిణాన ఉన్న శాన్ పాబ్లో అఖాతం నుంచి వస్తాయి కాబట్టి నాపా పట్టణం చల్లగా ఉంటుంది, కాలిస్టోగాలో మధ్యాహ్నం ఎండ మండిపోతుంది.

ఇక సొనోమా. మయాకమాస్ కొండలకు అవతలి వైపు నుంచి పసిఫిక్ తీరం దాకా పరుచుకున్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ఇది, నాపా కౌంటీకి రెండింతలు పైగా ఉంటుంది. అందుకే జనం ఒకే రోడ్డు మీద గుమిగూడరు. సొనోమా పట్టణంలో నడిమధ్య పెద్ద చౌకు, పక్కనే 1823లో స్థాపించిన మిషన్, అంటే క్రైస్తవ మత ప్రచార కేంద్రం. కాలిఫోర్నియాలోని 21 మిషన్లలో ఆఖరిది అదే. చౌకు మధ్యలోని టౌన్‌హాలుకు నాలుగు వైపులా ముఖద్వారం ఒకేలా ఉంటుంది. చుట్టూ ఉన్న దుకాణాల్లో ఎవరికీ దాని వీపు కనిపించకూడదని అలా కట్టారని అక్కడివాళ్లు చెబుతారు. చరిత్ర మీద ఇష్టం ఉంటే ఇక్కడే ఉండండి.

మా మనసు నిలిచింది మాత్రం హీల్డ్స్‌బర్గ్ దగ్గర. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సుమారు 70 మైళ్లు. నాపా కన్నా దూరమే, కానీ దిగిన తరువాత కారు తాళాలు పక్కన పెట్టేయవచ్చు. చౌకు చుట్టూ నాలుగు వీధుల్లో వైన్ రుచి చూపే గదులు, రొట్టెల దుకాణాలు, పుస్తకాల షాపు, చెట్ల కింద బల్లలు. వైన్ తాగేవాళ్లకు ఇది సరదా మాత్రమే కాదు, భద్రత కూడా. గదికి నడిచి వెళ్లగలిగితే తాగి కారు తీసే ప్రశ్నే రాదు. తాగని మా అమ్మానాన్నలకు ఆ బల్లే కాలక్షేపం అయింది. వాళ్లు అక్కడ కూర్చుని వచ్చేపోయే కుక్కలను, పసిపిల్లలను చూస్తుంటే మేమిద్దరం ఎదురుగా ఉన్న గదిలో నెమ్మదిగా రెండు గ్లాసులు రుచి చూసి వచ్చాం. నాపాలో అయితే వాళ్లను మా వెనక ఒక వైనరీ నుంచి మరో వైనరీకి తిప్పవలసి వచ్చేది.

ఊరి బయట డ్రై క్రీక్ లోయ ఉంది. జిన్‌ఫాండెల్ ద్రాక్షకు పేరున్న సన్నని లోయ. మేము వెళ్లింది ఫిబ్రవరిలో. కత్తిరించిన ద్రాక్ష మోళ్లు నల్లగా, ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి, వాటి వరసల మధ్య నడుము ఎత్తున పసుపుపచ్చని పూలు. అమ్మ కారు ఆపమంది. రోడ్డు పక్కన మొలిచిన ఒక మొక్క నుంచి ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి వాసన చూసి "ఆవ మొక్కే!" అంది. అవును, ఆవాలే. చలికాలపు వానలకు నేల కొట్టుకుపోకుండా ఇవి కాపాడతాయి, వసంతంలో దున్నితే పచ్చిరొట్ట ఎరువు అవుతాయి. ఈ పూలు నాపాలోనూ పూస్తాయి. అక్కడ 29వ రహదారి మీద కారు ఆపే చోటు వెతకాలి, ఇక్కడ ఆగినా వెనక హారన్ కొట్టేవాళ్లు లేరు. మర్నాడు గర్న్‌విల్ దగ్గరి ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్ వనానికి వెళ్లాం. అక్కడ 1,400 ఏళ్ల పైబడిన చెట్టు ఉంది. బాట చదునుగా ఉంటుంది కాబట్టి నాన్న కర్ర పట్టుకుని హాయిగా నడిచారు.

ఊరి కన్నా గెస్ట్ హౌస్ ముఖ్యం, గెస్ట్ హౌస్‌లో వంటగది ముఖ్యం. చాలాచోట్ల అల్పాహారం గదితో పాటే ఇస్తారు కానీ అది తరచు ఎనిమిదిన్నర దాటాకే వస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు అయిదింటికే కాఫీ కోసం లేస్తారు. పైగా ఆ అల్పాహారంలో కోడిగుడ్డు దాదాపు తప్పదు, శాకాహారులమని ముందే చెప్పాలి. హీల్డ్స్‌బర్గ్‌లో మేము తీసుకున్నది ఇంటి వెనక విడిగా కట్టిన చిన్న కుటీరం. అందులో పొయ్యి, రెండు గిన్నెలు, ఫ్రిజ్ ఉన్నాయి. అమ్మ సంచిలోంచి ఫిల్టర్, కాఫీ పొడి, ఉప్మారవ్వ బయటికి వచ్చాయి. మంచు ఇంకా విడవని తోట వైపు తలుపు తీసి పెట్టుకుని నలుగురం కాఫీ తాగిన ఆ అరగంటకు, నేను నాపాలో డబ్బు పెట్టి కొన్న ఏ గంటా సాటి రాలేదు.

ఫ్రీమాంట్ వైపు ఉన్నవాళ్లకు లివర్‌మోర్ కూడా ఉంది. వెంటె, కాన్‌కానన్ వైనరీలు రెండూ 1883 నాటివి. గుడికి వెళ్లిన రోజే చూసి రావచ్చు, రాత్రి ఉండవలసిన పని లేదు.

కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగుతుంది. తోటలు కళకళలాడే కాలం అదే, గదుల అద్దెలు మండేదీ అప్పుడే, అడవుల్లో నిప్పు అంటుకునే భయమూ అప్పుడే. 2017 అక్టోబరు మంటలు రెండు కౌంటీలనూ కాల్చాయి. ఆ నెలల్లో వెళ్లేటట్లయితే గది డబ్బు తిరిగి వచ్చే షరతు మీదే తీసుకోండి. నన్నడిగితే ఫిబ్రవరి రెండో సగం మంచిది. ఆవపూలు ఉంటాయి, అద్దె తగ్గుతుంది. శుక్ర, శనివారాలకు చాలాచోట్ల రెండు రాత్రులు తప్పనిసరి అంటారు. సెలవు దొరికితే ఆది, సోమవారాల రాత్రులు తీసుకోండి. ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగండి: గది కిటికీ ఏ రోడ్డు వైపు ఉంది, పొయ్యి ఉందా, మెట్లు ఎన్ని. పిల్లలతో వెళ్తుంటే నాలుగోది కూడా అడగాలి, కొన్ని గెస్ట్ హౌసులు చిన్నపిల్లలను రానివ్వవు.