మలేరియా బైవాలెంట్ కిట్: ప్రయోగశాల బల్ల మీది నుంచి ఒక సమీక్ష

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ ఆశా కార్యకర్తలకూ ప్రభుత్వం సరఫరా చేసే మలేరియా ర్యాపిడ్ కిట్‌ను, ఏజెన్సీ ప్రాంతంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చాలాకాలం వాడిన అనుభవంతో ఇక్కడ సమీక్షిస్తున్నాను. మలేరియా పరాన్నజీవి రకాలైన ఫాల్సిపారం, వైవాక్స్ రెండింటినీ ఒకే పట్టీ మీద చూపే ఈ బైవాలెంట్ రకం 2013లో మన జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది. అంతకుముందు వాడిన కిట్ ఫాల్సిపారంను మాత్రమే గుర్తించేది కాబట్టి, వైవాక్స్ రోగికి అది నెగెటివ్ అనే చెప్పేది. వైవాక్స్ అయితే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు, కాలేయంలో దాగిన దశను చంపడానికి పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ ఇవ్వాలి. ఫాల్సిపారం అయితే ఆర్టిమిసినిన్ కలయిక మందులు ఇవ్వాలి. ఏ రకమో అక్కడికక్కడే తేలడం వల్ల చికిత్సకు కలిగిన మేలు చాలా పెద్దది.

పాడేరు, చింతపల్లి, రంపచోడవరం వైపు కొండల మీది ఊళ్లలో జ్వరం వచ్చినవారి రక్తపు స్లైడు కిందికి దిగి, రంగు వేయించుకుని, ఫలితంగా తిరిగి పైకి చేరేలోపు ఫాల్సిపారం మెదడుకు పాకే ప్రమాదం ఉంటుంది. ఇరవై నాలుగు గంటల్లో మైక్రోస్కోపు ఫలితం రాని చోట కిట్ వాడాలన్న జాతీయ మార్గదర్శకం అందుకే వచ్చింది. వేలి నుంచి 5 మైక్రోలీటర్ల రక్తం, రక్తాన్ని పట్టీ వెంట పారించే బఫరు ద్రావణం కొన్ని చుక్కలు, పదిహేను నుంచి ఇరవై నిమిషాల నిరీక్షణ చాలు. కరెంటు అవసరం లేదు. వానాకాలంలో వాగులు పొంగి దారులు మూసుకుపోయినప్పుడు ఈ చిన్న పట్టీ కాపాడిన ప్రాణాలను తలచుకుంటే దాని మీద నాకు గౌరవం కలుగుతుంది.

అయితే దీన్ని చదవడం చూసినంత తేలిక కాదు. పట్టీ పనితీరును చూపే కంట్రోల్ గీత కనిపించగానే పరీక్ష సరిగా జరిగిందని చాలామంది నిశ్చింత పడతారు కానీ, ద్రావణం పట్టీ పొడవునా పారిందనీ, అక్కడి రసాయనాలు పనిచేశాయనీ మాత్రమే ఆ గీత చెబుతుంది. రక్తం సరిపడా పడిందని అది చెప్పదు. రక్తం అసలు వేయకపోయినా ఆ గీత వస్తుంది. పరాన్నజీవి ఉంటే తేలే పరీక్ష గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివ్‌గానే లెక్కించాలి. గుడిసె లోపలి మసక వెలుతురులో ఆ పలచని గీత కంటికి ఆనదు కాబట్టి పట్టీని బయటి వెలుగులోకి తెచ్చి చూడాలి. నిరీక్షణ సమయానికి ముందే చూస్తే ఉన్న గీత కనిపించకపోవచ్చు, ఆ సమయం దాటాక చూస్తే లేని గీత తేలవచ్చు. శిక్షణలో వీటికి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

నాకు నచ్చని అంశం మరొకటి ఉంది. సరఫరా చేసే కంపెనీ మారినప్పుడల్లా రక్తం తీసే సాధనం మారుతుంది. ఒకసారి లూపు, ఒకసారి చిన్న గొట్టం వస్తాయి. బఫరు ఎన్ని చుక్కలు వేయాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో, ఏ గీత ఏ పరాన్నజీవిదో కూడా మారిపోతాయి. పాత కిట్‌కు చేయి అలవాటు పడిన ఆశా కార్యకర్త కొత్త దాన్ని కూడా పాత పద్ధతిలోనే చేస్తే ఆమెను తప్పుపట్టలేము.

ఇక కిట్ పరిమితుల విషయానికి వద్దాం. ఫాల్సిపారం గీత, ఆ పరాన్నజీవి తయారుచేసే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. మందులతో పరాన్నజీవి చచ్చిన తరువాత కూడా ఈ ప్రోటీన్ కొన్ని వారాల పాటు రక్తంలో మిగులుతుంది కాబట్టి, చికిత్స పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఈ కిట్ పనికిరాదు. దానికి స్లైడే చూడాలి. వైవాక్స్ లేత ఎర్రరక్తకణాల్లోకే ప్రధానంగా చొరబడుతుంది కాబట్టి రక్తంలో దాని సంఖ్య సాధారణంగా తక్కువగా ఉంటుంది, ఆ గీత తప్పిపోయే అవకాశమూ ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిట్ల నాణ్యతను మైక్రోలీటరుకు 200 పరాన్నజీవులున్న నమూనాలతో పరీక్షించి చూసింది. అదే బాగా చేయి తిరిగిన టెక్నీషియన్ మందపు స్మియర్‌లో, అంటే స్లైడు మీద మందంగా పరచిన రక్తపు చుక్కలో, మైక్రోలీటరుకు 5 నుంచి 10 ఉన్నా పట్టుకోగలడు. పరాన్నజీవులు కనబడేలా చేసే జేఎస్‌బీ రంగు వేసిన స్లైడును, నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్ కటకం కింద నూరు ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒకసారి కనబడేంత మేర ఒక ఫీల్డు) ఓపికగా చూసినవారికి పరాన్నజీవుల సంఖ్య, దశ, దోమకు సోకే దశ అయిన గామెటోసైట్లు కూడా కనిపిస్తాయి. ఇవేవీ కిట్‌తో తెలియవు. పైగా హెచ్‌ఆర్‌పీ2 జన్యువే లేని ఫాల్సిపారం పెరూలో కనబడినట్టు 2010లో వెల్లడైంది, తరువాత ఎరిత్రియాలో అది పెద్ద సమస్యగా మారింది. అలాంటి పరాన్నజీవి ముందు ఆ గీత మౌనంగా ఉండిపోతుంది. అందువల్ల కిట్ నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గని రోగికి తప్పకుండా స్లైడు తీయాలి.

నిల్వ గురించి కొద్దిగా చెప్పాలి. పెట్టె మీద ముద్రించిన ఉష్ణోగ్రత పరిమితి సాధారణంగా 30 లేదా 40 డిగ్రీలు. మే నెలలో రేకుల కప్పు కింద ఉన్న గది దాన్ని సులభంగా దాటేస్తుంది. కవరును పరీక్షకు ముందే చించి ఉంచితే తేమ పట్టీని పాడుచేస్తుంది.

ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా అయిన డీఎంఎల్‌టీ పూర్తిచేసి ఈ వృత్తిలోకి వస్తున్న యువత, కిట్లు వచ్చాయి కదా, స్లైడు చూడటం నేర్చుకోవలసిన అవసరమేమిటని అడుగుతుంటారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది మైక్రోస్కోపు ముందు కూర్చునే. 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలన్న లక్ష్యం దగ్గరపడి కేసులు తగ్గే కొద్దీ, కిట్‌కు అందనంత తక్కువ పరాన్నజీవులున్న మనుషులను వెతికి పట్టుకోవలసిన పని పెరుగుతుంది. అది స్లైడుతో, పరాన్నజీవి జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షతో జరగవలసిన పని.

ఊరిలో తొలి పరీక్షకు ఈ కిట్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. కొనుగోలు చేసే అధికారులకు నా విన్నపం ఏమిటంటే, ఒక జిల్లాకు కనీసం ఒక మలేరియా సీజన్ అంతా ఒకే రకం కిట్ ఇవ్వాలి, బొమ్మలతో కూడిన సూచనల పత్రాన్ని తెలుగులోనూ, సరిహద్దు గ్రామాల కోసం ఒడియాలోనూ పెద్ద అక్షరాల్లో ముద్రించి ప్రతి పెట్టెలో పెట్టించాలి.