రామ్‌కోటి కాలేజీయా, ఇంటి దగ్గర టీచరా, ఊళ్ళో గురువుగారి వీడియో కాలా: సంగీతం నేర్చుకోవడానికి ఏది మేలు?

మాది విజయనగరం. పెళ్ళయి మూడేళ్ళయింది. ఇద్దరికీ హైదరాబాద్ హైటెక్ సిటీలో ఉద్యోగాలు, మియాపూర్‌లో అద్దె ఇల్లు. నేను చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకుని, కీర్తనలకు ముందు వచ్చే వర్ణాల దగ్గర ఆగిపోయాను. మా ఆయనకి పాటంటే ప్రాణం, కానీ మొట్టమొదటి పాఠమైన సరళీ వరుసలు కూడా ఎప్పుడూ పాడలేదు. పెళ్ళయిన మొదటి ఏడాదే ఇద్దరం సంగీతం మొదలుపెట్టాలనుకున్నాం. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది తేల్చుకోవడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. మాలాగే ఊరు వదిలి వచ్చిన జంటలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి, మేము చూసిన మూడు దారుల గురించి రాస్తున్నాను.

మొదట ఎంచుకున్నది ఊళ్ళో మా గురువుగారినే. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల మా ఊళ్ళోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. అలాంటి ఊళ్ళో పుట్టినవాళ్ళకి వేరే ఊళ్ళో వేరే గురువు దగ్గర కూర్చోవాలంటే మనసు అంత తొందరగా ఒప్పుకోదు. పైగా వీడియో కాల్ అంటే ప్రయాణం లేదు. రాత్రి తొమ్మిదికి లాప్‌టాప్ మూసి వీణ ముందు కూర్చుంటే చాలు. గురువుగారు "ఏటమ్మా, తిన్నావా?" అని అడగ్గానే సగం అలసట పోయేది. అలా పధ్నాలుగు నెలలు నేర్చుకున్నాను.

సంక్రాంతికి ఊరెళ్ళి గురువుగారి ఎదురుగా కూర్చుని కల్యాణి రాగంలో వర్ణం వాయించాను. పల్లవి పూర్తి కాకుండానే ఆపేశారు. "ఈ నిషాదం ఎక్కడిదమ్మా?" అన్నారు. తీగ సరిపడా లాగక 'ని' స్వరం ఉండాల్సిన చోటుకి కిందే ఉండిపోతోందట. పధ్నాలుగు నెలలూ అలాగే వాయించాను, పధ్నాలుగు నెలలూ ఆయనకి అది వినపడలేదు. తప్పు ఆయనది కాదు. వీడియో కాల్ యాప్‌లు మనిషి మాట కోసం తయారైనవి. ఒకే స్థాయిలో సాగే నాదాన్ని ఫ్యాను చప్పుడు లాంటిదనుకుని తగ్గించేస్తాయి. మీటు అటు చేరుతుంది కానీ, దాని వెనక స్వరాన్ని ఊపుతూ సాగే గమకం దారిలోనే ఆగిపోతుంది. వెనక ఆధారంగా మోగే శ్రుతి పెట్టినా అటువైపు సరిగ్గా వినపడదు. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ ఉంది, అది పెట్టుకుంటే చాలా మెరుగు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మీరు ఆన్‌లైన్‌లో నేర్చుకుంటుంటే ఇవాళే పెట్టుకోండి.

తాళం సంగతి ఏ సెట్టింగూ తేల్చదు. ధ్వని అటు చేరడానికి ఓ 30 మిల్లీసెకన్లు దాటిందంటే ఇద్దరు కలిసి వాయించడం కష్టం. మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం అంతకంటే చాలా ఎక్కువ. గురువుగారు ఆది తాళం వేస్తుంటే నేను వాయించడం కుదరదు. ఆయన వాయించి ఆపాక నేను అందుకోవాలి. గురువుతో పాటు కలిసి వాయించడంలో చేతికి తెలియకుండానే పట్టుబడేది ఎంతో ఉంటుంది, అదంతా పోతుంది.

అలాగని ఆన్‌లైన్ పనికిరాదని నేననను. కీర్తనల దాకా వచ్చి, తమ తప్పు తాము వినగలిగేవాళ్ళకి అది మంచి దారే. నేను ఇంకా అక్కడికి చేరలేదు.

ఇక ఇంటి దగ్గర టీచర్. మా ఆయన ఇలాగే మొదలుపెట్టారు. రెండు వీధుల అవతల సాయంత్రాలు గాత్రం చెప్పే ఆవిడ ఉన్నారు, చక్కగా చెబుతారు. వారానికి రెండు క్లాసులు, నెలకు 2,000 రూపాయలు. ఆఫీసు నుంచి వస్తూ వస్తూ వెళ్ళొచ్చు, అమెరికా వాళ్ళతో మీటింగ్ పడితే రోజు మార్చుకోవచ్చు. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు. వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి అనే టెన్షన్ మధ్యలో గంట ప్రయాణం కూడా చేరితే మూడో వారానికే క్లాసు మానేస్తాం.

ఇబ్బంది వచ్చింది శ్రుతి దగ్గర, అంటే 'స' ఏ ఎత్తులో పెట్టుకుని పాడాలన్న దగ్గర. ఆ క్లాసులో అందరూ పిల్లలు, ఐదో శ్రుతి. మా ఆయనకి దానికంటే కిందదైన ఒకటో శ్రుతి. ఐదులో పై స్థాయికి వెళ్తే గొంతు చించుకోవాలి, కింది స్థాయిలో పాడితే మంద్రంలో, అంటే అడుగు స్వరాల్లో, గొంతు వినపడదు. రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చారు, గొంతు రాసుకుపోయింది. చివరికి ఆవిడతోనే నెమ్మదిగా చెబితే శనివారం విడిగా అరగంట ఇచ్చారు. ఒకటో శ్రుతిలో మాయామాళవగౌళ సరళీ వరుసలు మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యాయి. మొన్న ఆ తర్వాతి పాఠమైన జంట వరుసలు మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంలో, పాడారు. పెద్ద వయసులో మొదలుపెట్టే మగవాళ్ళు గ్రూపు క్లాసులో చేరే ముందు ఏ శ్రుతిలో పాడిస్తారని అడగండి. ఫీజు కంటే ముందు అడగాల్సింది అదే.

మూడోది రామ్‌కోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. 1952 నుంచి ఉన్న కాలేజీ. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, తర్వాత డిప్లొమా రెండేళ్ళు. పాఠానికి ఒక వరస, పరీక్ష, శాస్త్రం, పక్కన కూర్చునే తోటివాళ్ళు, ఇవన్నీ మరోచోట ఒక్కదగ్గర దొరకవు. ఇంటి దగ్గర టీచర్ ఎంత బాగా చెప్పినా మేళకర్తల (మూల రాగాల) గురించి మనంతట మనం చదువుకోవాల్సిందే. నా మనసు ఇప్పటికీ అటే లాగుతుంది. కానీ హైటెక్ సిటీ నుంచి అమీర్‌పేటలో మెట్రో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే ఇంచుమించు గంట. పని దినాల్లో సాయంత్రం ఆ టైముకి బయటపడనిచ్చే మేనేజర్ మా ఇద్దరిలో ఎవరికీ లేరు. మీ ఆఫీసు కోఠి, అబిడ్స్, నారాయణగూడ వైపు అయితే ఇంకేమీ ఆలోచించకండి, అక్కడే చేరండి. సికింద్రాబాద్ వైపు వాళ్ళకి భక్త రామదాసు సంగీత కళాశాల ఉండనే ఉంది.

నా వరకు నేను నాలుగో దారి పట్టాను. ప్రతి శనివారం ఉదయం చిక్కడపల్లిలో ఒక వీణ టీచర్ దగ్గరికి వెళ్తున్నాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే నేరుగా చిక్కడపల్లి స్టేషనే. వీణ మోసుకెళ్ళక్కర్లేదు, వాళ్ళింట్లో ఇంకో వీణ ఉంది. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి తీగ ఎంత లాగాలో చూపించారు. నాలుగు వారాల్లో నిషాదం పైకొచ్చింది. సాయంత్రం త్యాగరాయ గానసభలో కచేరీ ఉంటే మా ఆయన కూడా అక్కడికే వచ్చేస్తారు, విని ఇద్దరం కలిసి తిరిగొస్తాం. వారం మొత్తంలో ఇద్దరం కలిసి గడిపే సాయంత్రం మాకు అదొక్కటే.

ఇదంతా అయ్యాక నాకు ఒక విషయం తెలిసింది. గురువుగారి కాల్ కోసం నేను ఎదురుచూసింది పాఠం కోసం కాదు. ఆ మాట కోసం, ఆ యాస కోసం, వెనక వినిపించే మా వీధి చప్పుళ్ళ కోసం. ఊరి మీద బెంగ పాఠం వేషం వేసుకుని వస్తే పోల్చుకోలేకపోయాను. ఆ బెంగ తీరాలి, తీరకపోతే ఈ ఊళ్ళో ఉండలేం. కానీ అది తీరే గంట, చెయ్యి దిద్దుకునే గంట ఒకటే కావాలనుకుని ఏడాదికి పైగా పోగొట్టుకున్నాను.

ఈ సంగతి గురువుగారితో చెప్పడానికి చాలా భయపడ్డాను. ఆయన విని, "చిక్కడపల్లిలో ఎవరు? ఏ బాణీ?" అని అడిగి, మంచిదే వెళ్ళమన్నారు. ఇప్పుడు ఆదివారం రాత్రుళ్ళు ఫోన్ చేస్తున్నాను. వీణ ముందు పెట్టుకోను. ఆయనే ఏదో ఒక కీర్తన ఎత్తుకుంటారు, మేమిద్దరం స్పీకర్ పెట్టుకుని వింటాం.